మందుల చీటీ ఇంటిదాకా చేరాలంటే (ఆరోగ్య పాఠాలు: 4వ భాగం)

పోయిన భాగంలో ఒక పని అప్పజెప్పాం. మీ వీధిలో ఏదో ఒక ఇంటికి వెళ్లి, ఉన్న మందులన్నీ సంచిలో వేసి తెమ్మని, మంచం మీద పరిచి చూడమన్నాం. చూసినవాళ్లకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది: చీటీలో రాసినవి ఒకటి, సంచిలో ఉన్నవి ఒకటి, మనిషి నిజంగా మింగుతున్నవి ఇంకొకటి. ఈ మూడింటినీ ఒక దారికి తేవడం ఎలాగో ఇప్పుడు నేర్చుకుందాం. ఆశా కార్యకర్తలకు, పొదుపు సంఘాల్లో లెక్కలు రాసేవాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్లను తిరుపతిలోని రుయా ఆస్పత్రికో స్విమ్స్ ఆస్పత్రికో వెంటబెట్టుకు పోయే పిల్లలకు ఇది పనికొస్తుంది. ఒక హద్దు మాత్రం ముందే గీసుకుందాం. మందు మార్చడం, మోతాదు తగ్గించడం, ఆపడం మన చేతిలో లేవు. డాక్టరు రాసింది రాసినట్టు ఇంట్లో జరిగేలా చూడటం, జరగకపోతే ఎందుకు జరగలేదో డాక్టరుకు చేరవేయడం, అంతే.

చీటీలో గుర్తులు

1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. ఓడీ రోజుకు ఒకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, క్యూఐడీ నాలుగుసార్లు. హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు. ఏసీ తిండికి ముందు, పీసీ తిన్నాక. ×5/7 అని ఉంటే ఐదు రోజులు. ఇవి ఒక్క పూటలో వచ్చేస్తాయి.

ఎస్‌ఓఎస్ దగ్గర మాత్రం ఆగాలి. 'అవసరమైతేనే' అని దాని అర్థం. అయితే ఏ అవసరానికి, రోజుకు ఎన్నిదాకా, రెండు మాత్రల నడుమ ఎన్ని గంటలు అన్నవి చాలా చీటీల్లో ఉండవు. మందులు తీసుకునే కిటికీ దగ్గరే ఈ మూడూ అడిగి చీటీ మీద రాయించుకోండి. పారాసెటమాల్ 650 ఎస్‌ఓఎస్ అని ఉంటే నొప్పి తగ్గలేదని గంటకొకటి మింగేవాళ్లు ఉన్నారు. పెద్దవాళ్లకు ఒక రోజులో 4 గ్రాములు దాటకూడదు, అంటే 650 మాత్రలు ఆరుకు మించకూడదు. కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు, తాగుడు అలవాటు ఉన్నవాళ్లకు ఇంకా తక్కువే. పైగా జలుబు మాత్రల్లో చాలావాటిలో ఇదే పారాసెటమాల్ కలిసి ఉంటుంది. దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

ఒక్క మందును ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి: మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మిగతా మాత్రలన్నీ రోజూ వేసుకునే ఇంట్లో ఇదీ రోజువారీ వరసలో కలిసిపోతుంది. అలా కలిస్తే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. ఆ మాత్ర వారంలో ఏ రోజు వేసుకోవాలో అట్ట మీద పెద్దగా రాయండి, మిగతావాటితో కలపకుండా వేరే డబ్బాలో పెట్టించండి.

పూట అంటే ఎవరి పూట?

1-0-1 పీసీ అని రాసిన డాక్టరు మనసులో ఎనిమిదింటికి టిఫిను, రాత్రి ఎనిమిదింటికి భోజనం ఉంటాయి. టమోటా తోటలోకి కూలికి పోయే మనిషి పొద్దున ఆరింటికి కాఫీ తాగి బయలుదేరుతుంది, పదకొండింటికి సంగటి తింటుంది. 'పొద్దున తిన్నాక' అంటే ఆమెకు పదకొండు. మాత్ర ఇంట్లో, మనిషి తోటలో. ఆ మాత్ర ఎగిరిపోయింది.

కాబట్టి ముందు చీటీ తీయకండి, ముందు రోజు ఎలా గడుస్తుందో అడగండి: ఎన్నింటికి లేస్తారు, మొదటి ముద్ద ఎప్పుడు, ఎక్కడ తింటారు, రాత్రి ఎన్నింటికి, వారంలో ఏ రోజు ఒక్కపొద్దు. శనివారం ఒక్కపొద్దు మన దగ్గర మామూలే; రంజాన్ నెల ఉపవాసాలూ అంతే. షుగరు మాత్రల్లో గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి తిండి లేకుండా పడితే చక్కెర మరీ కిందికి పోతుంది. 70కి తగ్గితే వణుకు, చెమటలు, కళ్లు తిరగడం, మాట తడబడటం వస్తాయి. ఏమీ తినకుండా అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కే భక్తుల్లో షుగరు మాత్ర వేసుకున్నవాళ్లు ఉంటే వాళ్లకూ ఇదే ప్రమాదం. స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, 15 నిమిషాలకు తేరుకోకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. చేతిలో లడ్డూ ఉంది కదా అంటారు. నెయ్యి ఉన్నందువల్ల అందులోని చక్కెర రక్తంలోకి నిదానంగా చేరుతుంది. చక్కెర నీళ్లే త్వరగా పనిచేస్తాయి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి.

ఉపవాసం మానేయమని చెబితే చాలామంది తల ఊపి తమ పని తాము చేసుకుంటారు. ఒక్కపొద్దు ఉంటారన్న సంగతి చీటీ వెనక రాసి, వచ్చేసారి డాక్టరుకు చూపించమనండి. ఆ రోజు మాత్ర ఎలా సర్దాలో డాక్టరే చెబుతారు.

ఎక్కువగా ఎక్కడ తప్పుతుంది

ఒకే మందు రెండు పేర్లతో ఇంట్లో ఉండటం. వేలూరులో చూపించుకున్న చీటీ ఒకటి, చిత్తూరులో చూపించుకున్నది ఇంకొకటి. పైన పెద్ద అక్షరాల్లో కంపెనీ పేర్లు వేరు, కింద చిన్న అక్షరాల్లో రెంటిలోనూ టెల్మిసార్టాన్ 40. రెండూ మింగితే బీపీ పడిపోయి, లేచి నిలబడగానే తూలి పడతారు. అట్టలు పక్కపక్కన పెట్టి చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి. ఫోను కెమెరాతో పెద్దది చేసి చూస్తే చదవొచ్చు.

అట్ట కత్తిరించి ఇవ్వడం ఇంకో తలనొప్పి. గడువు తేదీ సాధారణంగా ఒక కొసనే అచ్చయి ఉంటుంది. మాత్రలు రెండో కొస నుంచి వాడుకుంటూ రమ్మని చెప్పండి. గుర్తు వేయాలంటే బాల్ పెన్ను వద్దు, రేకు చిరిగి మాత్రకు చెమ్మ తగులుతుంది. సీడీల మీద రాసే మార్కరుతో సూర్యుడు, చంద్రుడు గీయండి. ఎస్‌ఆర్, ఈఆర్ అని ఉన్న మాత్రలను నలిపి ఇవ్వకూడదు. రోజంతా నిదానంగా కరగాల్సిన మందు ఒక్కసారే విడుదలవుతుంది.

పిల్లల పారాసెటమాల్ చుక్కల మందులో 1 మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్పులో 5 మి.లీ.కు 125 గానీ 250 గానీ ఉంటుంది. చుక్కల మందును సిరప్పు అనుకుని 5 మి.లీ. పోస్తే బిడ్డ కడుపులోకి 500 మి.గ్రా. వెళ్లినట్టు. ఇంట్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత, కాబట్టి సీసాతో వచ్చిన మూత, పిచికారీ తప్ప ఇంకేదీ వాడొద్దు.

ఇన్సులిన్ సీసా మీద 40 అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ రంగు మూత సిరంజి. 40 సీసా మందును 100 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. తారుమారుగా 100 సీసా మందును 40 సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి. మొదటిది షుగరు పెంచుతుంది, రెండోది మనిషిని పడేస్తుంది. సిరంజి కొనేటప్పుడు సీసా వెంట తీసుకుపోవడమే దీనికి మందు.

చెప్పింది చేరిందా

'అర్థమైందా?' అని ఎవరినీ అడగకండి. చదువు రాని మనిషే కాదు, డిగ్రీ చదివిన మనిషి కూడా 'ఆఁ, అర్థమైంది' అనే అంటారు. వెనక లైన్లో నలుగురు ఉంటారు, కాదనడానికి నామోషీ. ఆ ప్రశ్న బదులు పరీక్ష బరువు మన మీద వేసుకుని అడగాలి:

“అవ్వా, నేను సరిగ్గా చెప్పినానో లేదో చూసుకోవాల. రేపు పొద్దున లేచినాక ఏ మాత్ర ముందు వేసుకుంటావో తీసి చూపించు.”

“ఇదిగో ఈ తెల్లది. కాఫీ తాగి వేసుకుంటా.”

అది థైరాయిడ్ మాత్ర. పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. చూపించమని అడగకపోతే ఈ తప్పు బయటపడేది కాదు. ఇప్పుడు అదే మాటను గొంతు పెంచి మళ్లీ చెబితే లాభం లేదు, చెప్పే తీరు మార్చాలి. “లేస్తానే మొగం కడిగి నీళ్లతో ఇది మింగవ్వా. పాలు తెచ్చి, పొయ్యి వెలిగించి, కాఫీ పెట్టేసరికి అరగంట అయిపోతుంది.” మళ్లీ చూపించమని అడగాలి. ఒక మందు తేలాకే రెండోది. ఒక పూట మూడు సంగతులకు మించితే మొదటిది మరిచిపోతారు.

నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు, పలమనేరు వైపు కన్నడం వాళ్లు, పట్టణాల్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ. బజారు తెలుగు వచ్చినంత మాత్రాన మందుల సంగతి తెలుగులో ఎక్కుతుందని అనుకోవద్దు. మాట అందించేందుకు పెద్దవాళ్లను పెట్టుకోండి. బడికి పోయే పిల్లలతో చెప్పించడం వద్దు. నెలసరి, గర్భం లాంటివి అమ్మ బిడ్డ ముందు చెప్పదు, బిడ్డ సగం మాటలు మింగేస్తాడు. మాట అందించే మనిషి “సరే అంటాంది” అని ఊరుకోకూడదు. ఆమె ఏమన్నదో పూర్తిగా మీకు చెప్పాలి. మీ చూపు మాత్రం మందు వేసుకునే మనిషి మీదే ఉండాలి.

ఇంటిపని

58 ఏళ్ల కూలి మనిషి. తిండి పదకొండింటికి, రాత్రి ఎనిమిదింటికి. శనివారం రాత్రిదాకా ఒక్కపొద్దు. చీటీ: మెట్‌ఫార్మిన్ 500 ఎస్‌ఆర్ 1-0-1 పీసీ, గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. 1-0-0 ఏసీ, టెల్మిసార్టాన్ 40 ఓడీ, పారాసెటమాల్ 650 ఎస్‌ఓఎస్. సంచిలో వీటితో పాటు పాత చీటీది ఇంకో టెల్మిసార్టాన్ అట్ట, జలుబు మాత్రలు నాలుగు.

ఏ మాత్ర ఏ గంటకు అని ఒక కాగితం మీద బొమ్మలతో గీయండి. డాక్టరును అడగాల్సినవి వేరే కాగితం మీద రాయండి; కనీసం మూడు ఉన్నాయి. ఆ తర్వాత మీ ఇంట్లో ఒకరికి ఇదంతా చెప్పి, తిరిగి చూపించమనండి. వాళ్లు తడబడిన చోటు దగ్గర గుర్తు పెట్టుకోండి. జవాబులు 5వ భాగంలో, రక్తపరీక్ష కాగితాలు చదవడంతో పాటు.