కరెంటు చార్జీలు, పన్నులు, ఖర్చులపై మీ ప్రతిపక్ష ఎమ్మెల్యే అసలు వైఖరి తెలుసుకోవడం ఎలా?

ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ఏది పెంచినా వద్దంటారు, ఏది ఇచ్చినా చాలదంటారు. అది వాళ్ల పని కూడా. కాబట్టి టీవీ చర్చలో ఎంత గట్టిగా మాట్లాడారన్నది పక్కన పెట్టి, రికార్డుకెక్కినవి చూడాలి. ఉదాహరణకు పయ్యావుల కేశవ్‌ను తీసుకుందాం. 2019–24 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో ఉరవకొండ నుంచి ప్రతిపక్ష ఎమ్మెల్యే, ప్రభుత్వ ఖర్చుల లెక్కలు పరిశీలించే సభా కమిటీ అయిన ప్రజా పద్దుల సంఘం (పీఏసీ) ఛైర్మన్. 2024 జూన్ నుంచి ఆర్థిక మంత్రి. అప్పట్లో ప్రశ్నలు వేసిన మనిషే ఇప్పుడు జవాబు చెప్పాల్సిన కుర్చీలో ఉన్నారు కాబట్టి పోల్చి చూడటం తేలిక.

1. ముందు మీ కరెంటు బిల్లు తీయండి

బిల్లులో వాడిన యూనిట్ల చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, విద్యుత్ సుంకం, ట్రూ-అప్ లేదా ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చు) పేరుతో సర్దుబాటు విడివిడిగా ఉంటాయి. విద్యుత్ సుంకం రాష్ట్ర ప్రభుత్వం వేసే పన్ను. మిగతావి విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ఉత్తర్వులు, నిబంధనల ప్రకారం డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) వసూలు చేసేవి. మీ ఎమ్మెల్యే “చార్జీలు పెంచేశారు” అన్నప్పుడు ఇందులో దేని గురించి అంటున్నారో మొదట తేల్చుకోండి.

గొడవంతా సాధారణంగా ట్రూ-అప్ దగ్గరే. డిస్కం ముందు వేసుకున్న అంచనా కన్నా కరెంటు కొనడానికి ఎక్కువ ఖర్చయితే ఆ తేడాను తర్వాత మన నుంచి రాబడుతుంది. 2022–23లో వాడిన కరెంటుకు సంబంధించిన సర్దుబాటు ఆంధ్రలో 2024 చివర్లో బిల్లుల్లోకి వచ్చింది. వాడినప్పుడు ఒక ప్రభుత్వం, కట్టేటప్పుడు ఇంకో ప్రభుత్వం. “మీరే పెంచారు” అని వైసీపీ 2024 డిసెంబరులో ఆందోళనకు దిగితే, “అది మీరు వదిలి వెళ్లిన భారమే” అని ప్రభుత్వం అంది. రెండిట్లోనూ కొంత నిజం ఉంది.

తేల్చుకోవాలంటే ఈఆర్‌సీ వెబ్‌సైట్‌లో ఆ ఉత్తర్వు తీసి రెండు విషయాలు చూడండి. ఖర్చు ఏ ఏడాదిది? ఉత్తర్వు ఏ తేదీది? మూడోది ఉత్తర్వులో ఉండకపోవచ్చు, కానీ అసలు కీలకం అదే. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 65 కింద రాష్ట్ర ప్రభుత్వం కావాలనుకుంటే ఆ భారాన్ని సబ్సిడీగా తానే కట్టవచ్చు. మీ ఎమ్మెల్యే ఆ మాట అడిగారా, లేక “తగ్గించాలి” అని ఊరుకున్నారా?

2. సభలో ఏం చేశారో చూడండి

అసెంబ్లీ, పార్లమెంటు వెబ్‌సైట్లలో ప్రశ్నలు, జవాబులు దొరుకుతాయి. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలోనే నోటితో జవాబు చెప్పాలి, దానికి అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబే వస్తుంది.

పద్దులపై, అంటే బడ్జెట్‌లో శాఖలు అడిగే ఖర్చులపై చర్చ జరిగేటప్పుడు పెట్టే కోత తీర్మానాలను చాలామంది పట్టించుకోరు. పార్లమెంటులో ఒక పద్దును రూపాయికి తగ్గించమంటే ఆ విధానాన్నే వ్యతిరేకిస్తున్నట్టు. వంద రూపాయలు తగ్గించమంటే ఫలానా లోపాన్ని ఎత్తి చూపుతున్నట్టు. పెద్ద మొత్తం తగ్గించమంటే దుబారా అంటున్నట్టు. ఇంత స్పష్టంగా వైఖరి చెప్పే కాగితం ఇంకోటి లేదు.

సభ్యులు నోటితో అవునని, కాదని చెప్పే మూజువాణి ఓటులో ఎవరు ఎటు ఓటేశారో పేర్లు నమోదు కావు, వాకౌట్ చేస్తే అసలు ఓటే ఉండదు. సభకే రాని ఎమ్మెల్యే అయితే ఈ దారి మూసుకున్నట్టే. ఇది ఏ ఒక్క పార్టీ అలవాటో కాదు. చంద్రబాబు 2021 నవంబరులో సభ వదిలి వెళ్లారు, 2024 తర్వాత వైసీపీ సభ్యులు ఎక్కువగా దూరంగానే ఉన్నారు. అప్పుడు ఈఆర్‌సీ బహిరంగ విచారణల్లో అభ్యంతరం చెప్పారేమో, కోర్టుకు వెళ్లారేమో చూడండి.

3. పన్నుల మాటకు రేటు పక్కన పెట్టుకోండి

పెట్రోలు, డీజిల్ జీఎస్టీలో లేవు. కేంద్రానికి ఎక్సైజ్, రాష్ట్రానికి వ్యాట్. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలుపై రూ.5, డీజిల్‌పై రూ.10 ఎక్సైజ్ తగ్గించింది. చాలా రాష్ట్రాలు వ్యాట్ కూడా తగ్గించాయి, ఆంధ్ర, తెలంగాణ తగ్గించలేదు. తగ్గించాలని అప్పుడు ప్రతిపక్ష తెలుగుదేశం బంకుల దగ్గర ధర్నాలు చేసింది. ఆ రోజు వ్యాట్ రేటు, ఇవాళ్టి రేటు ఒక కాగితం మీద పక్కపక్కన రాస్తే చాలు, వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

4. ఖర్చుల మాటకు కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక దగ్గర పెట్టుకోండి

బడ్జెట్ పుస్తకంలో అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు అని వేర్వేరు అంకెలుంటాయి. నాయకులు తమకు నచ్చిన అంకె ఎత్తుకుంటారు. అప్పుల్లో ఇది ఇంకా ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు శ్వేతపత్రంలో అప్పులు రూ.6.71 లక్షల కోట్లంది, బీఆర్ఎస్ పోటీగా స్వేదపత్రం తెచ్చింది. కార్పొరేషన్ల రుణాలను ఎలా లెక్కేయాలన్నదే అక్కడ పెద్ద పేచీ.

2021లో కేశవ్ పీఏసీ ఛైర్మన్ హోదాలో, సుమారు రూ.41 వేల కోట్లకు సరైన లెక్కలు లేవని గవర్నర్‌కు ఫిర్యాదు చేశారు. లెక్కల సర్దుబాటు పద్ధతి వల్ల అలా కనిపిస్తోందని ప్రభుత్వం జవాబిచ్చింది. ఇలాంటప్పుడు ఆరోపణ, జవాబు, ఆ తర్వాత కాగ్ ఏమంది, ఈ మూడూ వరుసగా చదవాలి.

5. కుర్చీ మారాక ఏం చేశారు?

కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకితో యూనిట్ రూ.2.49కి 7,000 మెగావాట్ల సౌర విద్యుత్ కొనాలని ఆంధ్ర 2021 డిసెంబరులో ఒప్పందం చేసుకుంది. కేశవ్ దాన్ని హైకోర్టులో సవాలు చేశారు. ఆ ఒప్పందంపై ఇప్పటి ప్రభుత్వ నిర్ణయాన్ని ఆయన పాత పిటిషన్‌తో పోల్చండి. మీ ఎమ్మెల్యే పార్టీ గతంలో పాలించి ఉంటే వాళ్లకూ ఇదే పరీక్ష పెట్టండి.

6. చివరగా, నేరుగా అడగండి

ఉత్తరంలో ఒక్క ప్రశ్నే ఉండాలి, అందులో తప్పించుకునే సందు ఉండకూడదు. “చార్జీలపై మీ అభిప్రాయం?” అంటే ప్రసంగం వస్తుంది. “ట్రూ-అప్ భారం ప్రభుత్వమే భరించాలంటున్నారు కదా, అందుకోసం ఏ పద్దు తగ్గిస్తారు, లేదా ఏ పన్ను పెంచుతారు?” అని అడగండి.