రోబోట్స్ ఫైల్‌ను తప్పుల్లేకుండా రాయడం ఎలా?

సెర్చ్ ఇంజిన్ల క్రాలర్లు, అంటే పేజీలను తమంతట తామే చదువుకుంటూ పోయే ప్రోగ్రాములు, ఒక వెబ్‌సైట్‌లోని పేజీలను చదివే ముందు, వేటిని చదవకూడదో చెప్పే ‘రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ’ (robots.txt) అనే ఫైల్‌ను చూస్తాయి. 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ పద్ధతి 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంగా వెలువడింది. తిరుపతి లాడ్జీలకు, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు వెబ్‌సైట్లు చేసిపెడుతూ నేను సరిదిద్దిన ఫైళ్లలో చాలావరకు, ఏ దారిని చదవకూడదో చెప్పే డిసలౌ (Disallow) అనే వరుస దగ్గరే చెడిపోయి ఉన్నాయి.

నోట్‌ప్యాడ్, హోస్టింగ్ పాస్‌వర్డ్ ఉంటే చాలు. ఫైల్ పేరును, లోపలి వరుసలను ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. పేరులో పెద్ద అక్షరాలు ఉండకూడదు. ఫైల్‌ను వెబ్‌సైట్ మూల ఫోల్డర్‌లోనే, అంటే అన్నిటికన్నా పై ఫోల్డర్‌లోనే పెట్టాలి. సబ్‌డొమైన్ (సైట్ పేరుకు ముందు మరో పేరు చేర్చిన విడి చిరునామా) ఉంటే దానికి వేరే ఫైల్ కావాలి. ఈ పనికి ప్లగిన్ (సైట్‌కు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాము) వాడకూడదు, చేత్తోనే రాయాలి. వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ తనంతట తాను చూపించే రోబోట్స్ ఫైల్ ఫోల్డర్‌లో ఎక్కడా కనిపించదు కాబట్టి, తప్పు దొర్లినప్పుడు ఎక్కడ వెతకాలో యజమానికి తెలియదు.

మొదటి వరుసలో ‘యూజర్-ఏజెంట్: *’ (User-agent: *) అని రాస్తే ఆ కింది సూచనలు, తమకంటూ విడి సూచనలు లేని క్రాలర్లన్నిటికీ వర్తిస్తాయి.

రెండో వరుస డిసలౌ. ఇక్కడ తొందర పనికిరాదు. డిసలౌ పక్కన ఏమీ రాయకపోతే సైట్ మొత్తం తెరిచి ఉన్నట్టు. ఒక్క ‘/’ పెడితే సైట్ మొత్తం మూసినట్టు. బస్టాండు దగ్గరి ఒక లాడ్జి వెబ్‌సైట్‌ను తయారుచేసినవారు పని జరుగుతుండగా పెట్టిన ఆ గీతను తీయడం మరిచిపోయారు. బ్రహ్మోత్సవాలకు గదులు వెతుక్కునే రోజుల్లో గూగుల్‌లో ఆ లాడ్జి పేరు కింద గదుల వివరం ఒక్క ముక్క కూడా రాలేదు. కారణం ఆ ఒక్క గీతే.

మరో సంగతి, డిసలౌలో రాసిన దారి ముందుభాగంతో మొదలయ్యే చిరునామాలన్నీ ఆగిపోతాయి. పాత ‘/రూమ్’ పేజీని ఆపాలని అంతే రాస్తే, ‘/రూమ్స్’ కింద ఉన్న గదుల పేజీలన్నీ దానితోపాటే పోతాయి. ఆ ఒక్క పేజీనే ఆపాలంటే చివర డాలర్ గుర్తు పెట్టాలి. ఫోల్డర్‌ను ఆపాలంటే చివర కూడా ‘/’ ఉండాలి. దారిలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లెక్కలోకి వస్తుంది కనుక, చిరునామాలో సైట్ పేరు తర్వాత ‘/’తో మొదలయ్యే భాగాన్ని బ్రౌజర్ నుంచి కాపీ చేసి అతికించడమే సరైన పద్ధతి.

అన్నిటికన్నా ముఖ్యంగా, డిసలౌ క్రాలర్‌ను చదవవద్దంటుందే గానీ పేజీని దాచిపెట్టదు. వేరే సైట్ల నుంచి లింకు ఉంటే ఆ చిరునామా వివరణ లేకుండానైనా ఫలితాల్లో కనిపించవచ్చు. ఫలితాల నుంచి తీసేయాలంటే ఆ పేజీలోనే ‘ఫలితాల్లో చూపవద్దు’ అని చెప్పే నోఇండెక్స్ (noindex) ట్యాగ్ పెట్టి, డిసలౌను తొలగించాలి. క్రాలర్‌ను లోపలికి రానివ్వకపోతే అది ఆ ట్యాగ్‌ను ఎలా చదువుతుంది? అతిథుల ఆధార్ కాపీలుండే ఫోల్డర్ పేరును ఈ ఫైల్‌లో ఎన్నడూ రాయకూడదు. దీన్ని ఎవరైనా తెరిచి చదవవచ్చు కాబట్టి అది దొంగకు దారి చూపినట్టే అవుతుంది. అటువంటివాటిని సైట్ నుంచే తీసేయాలి, లేదా పాస్‌వర్డ్ వెనుక ఉంచాలి.

చివరి వరుసలో సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల జాబితా ఫైల్) పూర్తి చిరునామా రాసి, అప్‌లోడ్ చేసి, బ్రౌజర్‌లో తెరిచి చూడాలి. తర్వాత, సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ నివేదికలో ఫైల్ అందిందో లేదో సరిచూసుకోవాలి. గూగుల్ పాత ప్రతిని సాధారణంగా 24 గంటల వరకు దగ్గర ఉంచుకుంటుంది కనుక, మార్పు వెంటనే కనిపించలేదని ఫైల్‌ను మళ్లీ మళ్లీ తిరగరాయకూడదు.