బెంగళూరు చలిలో కోడిపిల్లల తొలి వారాలు

బెంగళూరులో రాత్రిపూట మనకు హాయిగా అనిపించే చల్లదనం, గుడ్డులోంచి వచ్చి ఒకటి రెండు రోజులే అయిన కోడిపిల్లకు ప్రాణం మీదికి తెచ్చే చలి. ఒంటి మీద నూగే తప్ప ఈకలు లేని పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. మొదటి వారంలో దాని వీపు ఎత్తున సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి, ఆ తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న ఈ నగరంలో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల దాకా దిగుతాయి కనుక, ఇరవై డిగ్రీల తేడాను మన ఏర్పాటే పూడ్చాలి. మన ఊళ్లలో పిల్లలను గంప కింద మూసి పెంచేవారంటే, ఆ గంపలో తల్లికోడి కూడా ఉండేది. మదనపల్లె నుంచో హిందూపురం నుంచో వట్టి పిల్లలను అట్టపెట్టెలో తెచ్చుకునేవారు ఈ తేడాను మరువరాదు.

కొనేటప్పుడే సగం జాగ్రత్త పడాలి. కళ్లు మెరుస్తూ, బొడ్డు పూర్తిగా ఆరి, వెల్లకిలా పడుకోబెడితే వెంటనే లేచి నిలబడే పిల్లనే తీసుకోవాలి. హెబ్బాళ పశువైద్య కళాశాలలో రూపొందిన గిరిరాజ, హైదరాబాదులో రూపొందిన వనరాజ వంటి జాతులు పెరటి పెంపకానికి అనువైనవి. వాటి గురించి హెసరఘట్టలోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థలో వాకబు చేయవచ్చు. వీధుల్లో ఆకుపచ్చ, గులాబి రంగులు పూసి అమ్మేవి ఎక్కువగా గుడ్ల జాతి కోళ్ల మగపిల్లలు. తడిసి, చలికి వణికి, మేత లేక నీరసించిన ఆ పిల్లల్లో చాలా వరకు బతకవు కాబట్టి, ఇంట్లోని చిన్నారులు ఎంత మారాం చేసినా వాటిని కొనకపోవడమే మేలు.

పిల్లలు ఇంటికి చేరకముందే, కనీసం ఆరేడు గంటల ముందు, వాటి గూడు వెచ్చబడి ఉండాలి. అట్టనో రేకునో గుండ్రంగా చుట్టి, అడుగున్నర ఎత్తు కంచె నిలబెట్టాలి. మూలలుంటే పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి అడుగున ఉన్నవి ఊపిరాడక చనిపోతాయి. అడుగున రెండంగుళాల మందాన పొడి వరి ఊక పరచాలి. ఊకను తినకుండా మొదటి రెండు మూడు రోజులు దాని మీద గోనెపట్టా పరవాలి, నున్నటి కాగితం ఒక్కటే వేస్తే కాళ్లు జారి చీలిపోతాయి, అలా చీలిన కాళ్లు మళ్లీ కుదురుకోవడం కష్టం. వేడికి ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, ఫిలమెంట్ బల్బే కావాలి. పాతిక పిల్లలకు 60 వాట్ల బల్బులు రెండు, పింగాణీ హోల్డర్లలో, అడుగున్నర ఎత్తున వేలాడదీయాలి. ఒకటి అర్ధరాత్రి మాడిపోయినా రెండోది నిలుస్తుంది. బల్బును దాని తీగ మీదే వదలక గట్టి గొలుసుతో కట్టాలి, ఎందుకంటే జారి ఊక మీద పడితే ఇల్లే అంటుకుంటుంది.

థర్మామీటరు ఉంటే మంచిదే కాని, పిల్లలు చెప్పేదే అసలు లెక్క. బల్బు కింద గుంపుగా ఒదిగి, కీచుమని ఎడతెగక అరుస్తుంటే చలి వేస్తోందని అర్థం. బల్బును కిందికి దించాలి. ముక్కులు తెరిచి, రెక్కలు వాల్చి, కంచె అంచులకు పోయి పడుకుంటే వేడి ఎక్కువైనట్టే. అన్నీ ఒకే పక్కకు చేరితే ఎదుటి పక్క నుంచి గాలి కొడుతోంది. గూడంతా పరుచుకుని, కొన్ని తింటూ, కొన్ని కాళ్లు చాపి నిద్రపోతూ, సన్నగా కువకువలాడుతుంటే అంతా సరిగా ఉన్నట్టు. పిల్లను చేతిలోకి తీసుకుని దాని పాదాలను మీ చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే గూటిలో వేడి చాలలేదు. ఈ పరీక్ష పగలు కాదు, తెల్లవారుజామున నాలుగు గంటలకు చేయాలి, ఎందుకంటే బెంగళూరు చలి అసలు రూపం అప్పుడే తెలుస్తుంది.

కరెంటు పోయినప్పుడు వేడినీళ్ల సీసాలకు మందపాటి గుడ్డ చుట్టి గూటిలో పెట్టి, పైన సగం మేర దుప్పటి కప్పాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకూడదు. అందులోంచి వచ్చే విషవాయువు కోడిపిల్లలనే కాదు, మనుషులనూ తీసుకుపోతుంది.

ప్రయాణం చేసి వచ్చిన పిల్లకు ముందు నీళ్లు, ఆ తరువాతే మేత. కాచి గోరువెచ్చగా చేసిన నీళ్లలో కొద్దిగా బెల్లం కలిపి, ఒక్కొక్క పిల్ల ముక్కును ఒకసారి అందులో ముంచి వదలాలి. ఒకటి నేర్చుకుంటే మిగతావి దాన్ని చూసి తాగుతాయి. లోతు పళ్లెమైతే గులకరాళ్లు వేయాలి, లేకపోతే మునుగుతాయి. మొదటి పూట మొక్కజొన్న రవ్వ చల్లి, ఆపై చిక్ స్టార్టర్ అనే, కోడిపిల్లల కోసమే చేసిన తొలి దాణా ఇవ్వాలి. నూకలు మాత్రమే పెడితే మాంసకృత్తులు చాలక ఎదుగుదల నిలిచిపోతుంది, గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో సున్నం ఎక్కువ కావడం వల్ల పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. తొలి రాత్రి మెడ కింద మేత సంచిని వేలితో తాకి చూడండి: మెత్తగా నిండి ఉంటే పిల్ల తింటున్నట్టు, ఖాళీగా ఉంటే దాన్ని విడిగా తీసి తాగించి తినిపించాలి.

రెట్ట అంటుకుని వెనుక ద్వారం మూసుకుపోయిన పిల్ల రెండు రోజుల్లో చనిపోవచ్చు. గోరువెచ్చని నీటిలో దూదిని ముంచి మెల్లగా నానబెట్టి తీయాలి. గట్టిగా లాగితే చర్మం చిరుగుతుంది. తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి గూటిలో విడవాలి. మూడో వారం దగ్గరపడ్డాక రెట్టలో రక్తం కనిపించి, పిల్లలు రెక్కలు వాల్చి కునుకుతుంటే అది రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. తడిసిన ఊకే దీనికి పుట్టిల్లు. నీళ్లు ఒలికిన చోట ఊకను ఆ రోజే తీసివేసి, ఆంప్రోలియం మందును పశువైద్యుడు చెప్పిన మోతాదులో నీళ్లలో కలిపి ఇవ్వాలి. వట్టి కళ్లతో చూసి యాంటీబయాటిక్ పోయడం తగదు.

కొక్కెర తెగులుకు (రాణిఖేత్ వ్యాధికి) మందు లేదు, టీకా ఒక్కటే దారి. అయిదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా టీకాను కంటిలో ఒక చుక్క వేయించి, రెండో వారం చివర గంబోరో అనే మరో అంటువ్యాధికి టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా వేయించాలి. టీకా సీసా సాధారణంగా వంద మోతాదులకు తక్కువగా దొరకదు, కలిపాక రెండు గంటలకు మించి నిలవదు. అందుచేత చుట్టుపక్కల కోడిపిల్లలను పెంచేవారంతా ఒకే రోజు కూడి వేయించుకోవడం మంచిది. టీకాను ఇంటికి తెచ్చుకుంటే ఐసు ముక్కలున్న ఫ్లాస్కులోనే తేవాలి.

పిల్లలను ముట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి, చిన్నారులు వాటిని ముద్దాడకుండా చూడాలి. ఆరోగ్యంగా కనిపించే కోడిపిల్లల్లోనూ, మనుషులకు విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే క్రిమి ఉండవచ్చు. రాత్రిపూట గూటి పైన సన్నకన్ను ఇనుపజాలీ తప్పనిసరి, ఎలుకలు, పందికొక్కులు ఒక్క రాత్రిలో గూడంతా ఖాళీ చేయగలవు.

అయిదో వారానికి ఒంటి నిండా ఈకలు వస్తాయి. ముందుగా పగటి బల్బును ఆపి, వారం రోజులు గమనించి, పిల్లలు గుంపు కట్టకపోతేనే రాత్రి బల్బును ఆపాలి. పుష్యమాసపు చలిలో కొన్న పిల్లలకైతే మరో వారమో రెండు వారాలో పొడిగించవలసి ఉంటుంది.