క్లాసులో అన్నీ చెప్పే అక్క పేపర్ ఇవ్వగానే ఎందుకు ఆగిపోతుంది?

డ్వాక్రా సంఘాల లెక్కల పుస్తకాలు, పొలంబడి (రైతులకి పొలం దగ్గరే పెట్టే క్లాసు), ఇలాంటి పెద్దవాళ్ళ ట్రైనింగులు ఇచ్చేవాళ్ళ కోసం ఇది. క్లాసు ఎలా నడపాలో మీకు తెలుసు కాబట్టి అదంతా వదిలేస్తున్నా. రిజల్ట్ రాకపోతే మనవాళ్ళు మొదట చేసే పని మెథడ్ మార్చడం: రోల్ ప్లే పెడదాం, వీడియో చూపిద్దాం, ఆట ఆడిద్దాం అంటారు. ఆగండి బాబూ, ముందు ఎక్కడ తేడా కొట్టిందో చూడండి.

సమస్య: ఫీడ్‌బ్యాక్ ఫారాలన్నిట్లో "చాలా బాగుంది", నెల తర్వాత వెళ్తే పుస్తకాలు పాత పద్ధతిలోనే ఉన్నాయి.

ఆ ఫారం మీరు ఎంత నచ్చారో చెప్తుంది, వాళ్ళకి ఎంత వచ్చిందో కాదు. భోజనం బాగుంటే మార్కులు ఇంకా పెరుగుతాయి. నెల తర్వాత సంఘం మీటింగ్‌కి వెళ్ళి ఓ మూల కూర్చుని మినిట్స్ ఎవరు రాస్తున్నారు, నగదు నిల్వ ఎవరు తేలుస్తున్నారు చూడండి, అదే అసలు పరీక్ష.

సమస్య: నోటితో అడిగితే టక్కున చెప్తారు, కాగితం మీద తప్పు.

ముందు ప్రశ్నలో వాడిన మాట చూడండి. "సంవత్సరానికి 12 శాతం చొప్పున" అని రాస్తే బిక్కమొహం వేస్తారు, "పదివేలకి రూపాయి వడ్డీ లెక్కన మూడు నెలలకి ఎంతమ్మా" అంటే నోట్లోంచి ఊడిపడ్డట్టు 300 అంటారు. నెలకి వందకి రూపాయి అంటే ఏడాదికి 12 శాతమే, రెండూ ఒకటే లెక్క. వాళ్ళ మాటల్లో అడగండి, శాతం సంగతి తర్వాత నేర్పొచ్చు.

మాట మార్చినా కాగితం దగ్గర ఆగిపోతున్నారంటే, ముఖ్యంగా నలభై దాటినవాళ్ళు, ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి, నేను దీనివల్ల మూడు బ్యాచ్‌లు పాడుచేసుకున్నా.

ఒక మండలంలో సంఘం లీడర్ ఒకావిడ ఉండేది, నలభై ఎనిమిదేళ్ళు ఉంటాయి, ఏడో తరగతి దాకా చదివింది, క్లాసులో అందరికంటే ముందు జవాబు చెప్పేది, రాతపరీక్షలో మాత్రం ఇరవైకి నాలుగు. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానండి" అంది. తర్వాతిసారీ అదే మాట. నేనేమో సాకు అనుకున్నా, చదువు మర్చిపోయి ఉంటుందిలే అనుకుని ఆవిడ కోసం సిలబస్ తగ్గించా, బొమ్మల కార్డులు చేయించా, ఏమీ లాభం లేదు. ఓ రోజు భోజనాల దగ్గర బీపీ మాత్రల షీటు పక్కనున్న అమ్మాయి చేతిలో పెట్టి "ఇది ఎప్పటిదాకా వాడొచ్చో చూడవే తల్లీ" అంటుంటే విన్నాను. అప్పుడు వెలిగింది. ఇంకొకావిడ కళ్ళజోడు అడిగి తీసుకుని ఇస్తే, అదే నగదు పుస్తకంలో ముగింపు నిల్వ పది నిమిషాల్లో తేల్చేసింది. అసలు కళ్ళజోడే లేదట ఆవిడకి, ఎప్పుడూ కొనలేదట.

చత్వారం అండీ. పేరులోనే నలభై ఉంది, సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. దూరం బ్రహ్మాండంగా కనపడుతుంది కాబట్టి మీ బోర్డు, మీ ప్రొజెక్టర్ అన్నీ ఓకే, అందుకే క్లాసులో అనుమానం రాదు, దగ్గర పెట్టి చదవాల్సిన కాగితం మాత్రమే అలుక్కుపోతుంది. పైగా మన లిపిలో ప-వ తేడా, గుడి-గుడిదీర్ఘం తేడా, వత్తులు, అన్నీ చిన్న చిన్న గీతలు, అంకెల్లో 3, 6, 8 కలిసిపోతాయి. పది మందిలో "కనపడట్లేదు" అని ఎవరూ అనరు, "నాకు చదువు రాదండి" అనేస్తారు, అదే వాళ్ళకి తేలిక. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీల మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది, దగ్గరిచూపు అద్దాలు ఇచ్చినవాళ్ళలో పని పెరుగుదల ఇవ్వనివాళ్ళకంటే సుమారు 22 శాతం పాయింట్లు ఎక్కువ. ఆకు కోయడానికే అంత తేడా అయితే లెడ్జర్ సంగతి ఆలోచించండి.

ఎలా పట్టుకోవాలి: అందరి ముందు "కళ్ళు కనపడుతున్నాయా" అని అడగొద్దు దయచేసి. "సూదిలో దారం మీరే ఎక్కిస్తారా, పిల్లలతో ఎక్కిస్తారా" అని మాటల్లో అడగండి, జవాబు వచ్చేస్తుంది. కాగితం ఇచ్చినప్పుడు చెయ్యి చాపి పట్టుకుంటున్నారా, గుమ్మం వెలుతురులోకి జరుగుతున్నారా చూడండి.

ఏం చెయ్యాలి: పేపర్ 18 పాయింట్లకి తగ్గకుండా ప్రింట్ తీయండి, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. నా బ్యాగులో ప్లస్ 1, 1.5, 2, 2.5 పవర్ల రెడీమేడ్ దగ్గరిచూపు అద్దాలు తలో జత ఉంటాయి, ఆ పరీక్ష మట్టుకు గడిచిపోతుంది. అదే వైద్యం అనుకోకండి, శుక్లమో షుగరో మనం చెప్పలేం, కంటి డాక్టర్ దగ్గరికి పంపాల్సిందే. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు అనే ప్రభుత్వ పథకంలో తీసుకున్న అద్దాలు చాలామంది ఇళ్ళలో బీరువాలో భద్రంగా ఉన్నాయి, ముందురోజే ఫోన్ చేసి తెచ్చుకోమనండి.

సమస్య: అందరికీ ఫుల్ మార్కులు.

ఒకరు రాశారు, మిగతావాళ్ళు చూసి దించారు. పొలంబడిలో వాడే బ్యాలెట్ బాక్స్ పద్ధతి దీనికి మందు: అట్టమీద నిజం పురుగునో తెగులు పట్టిన ఆకునో పెట్టి, ప్రశ్న పైకి చదివి, మూడు జవాబులకి మూడు డబ్బాలు, రైతు తన నంబరు చీటీ ఒక దాంట్లో వేస్తాడు. చదువుతో పనిలేదు. అయితే ఇక్కడా అదే దెబ్బ తిన్నాను, అక్షింతల పురుగు అందరూ గుర్తుపట్టారు, వరికి పట్టే సుడిదోమ దగ్గర పెద్ద వయసు రైతులంతా తప్పే, ఎందుకంటే అది నాలుగు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. పక్కన ఒక భూతద్దం పెట్టాక గొడవ తీరింది.

చెవుడు, పరీక్ష భయం, ఇంట్లో గొడవలు, ఇవీ ఉంటాయి, అవి తర్వాత చూసుకోవచ్చు. అద్దాలు పెట్టాక కూడా ఆగిపోతే అప్పుడు పేపర్ పక్కన పడేసి, ఆవిడ సొంత సంఘం పాస్ పుస్తకం తెరిచి, ఈ నెల పొదుపు మీ ముందే రాయమనండి, ఏ గడి దగ్గర పెన్ను ఆగిందో అక్కడినుంచి నేర్పండి.