గుండె గట్టిజేస్కో అంటరు గాని ఎట్ల చేస్కోవాలె?

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దిక్కు. బత్తాయి తోట పెట్టినోళ్లకు ఈ బాధ తెలుసు, నాలుగైదేండ్లు చంటిపిల్లల లెక్క సాకి తీరా కాపుకొచ్చే యాళ్లకు బోరు ఎండిపోతది. మాకు గట్లనే అయింది. 5 బోర్లు ఏసినం, మూడింట్ల దుమ్మే లేసింది, నీళ్లున్న రెండు కూడ ఆ ఎండకాలం ఆగిపోయినయి, తోట పోయింది అప్పు మిగిలింది, అదే ఏడు మా నాయిన పోయిండు. ఇంటికొచ్చినోళ్లంత ఒక్కటే మాట, గుండె గట్టిజేస్కో బిడ్డా అని. ఎట్ల చేస్కోవాలెనో మాత్రం ఎవ్వరూ చెప్పలే, అందుకే నాకు పనికొచ్చినయి రాస్తున్న, ఎవరికన్న అక్కరకొస్తయని.

ముందుగాల చెప్పాల్సింది ఏందంటే ఇదంత బాగున్న రోజుల్లనే మొదలుపెట్టాలె. చెరువు కాలువల పూడిక ఎండకాలంల తీస్తరు గని వాన కొట్టేటప్పుడు పార పట్టుకపోతే ఏం లాభం? అందుకే పొద్దుగాల ఒక్క పది నిమిషాల పని పెట్టుకోండి, తులసమ్మకు చెంబెడు నీళ్లు పోసి దీపం ముట్టించుడు గాని, నమాజు గాని, ప్రార్థన గాని, మీ ఇంట్ల ఏది ఉంటే అదే. పెద్దగ వద్దు, జరమొచ్చిన నాడు కూడ చెయ్యగలిగేటంత చిన్నగ ఉండాలె. నేను పెండ్లయినకాన్నుంచి దీపం పెడుతున్న కాబట్టి నాయిన పోయినంక మైల తీరిన తెల్లారి నాకేం సోయి లేకున్నా చేతులే పోయి వత్తి ఏసినయి. ఆ నెలల్ల నేను దేవుణ్ణి ఏమీ అడగలే, నిజం చెప్పాలంటే ఆయన మీద మస్తు కోపముండె, కోపమొస్తే కోపమే చెప్పుకోండి, తప్పేం లేదు, గని దీపం మాత్రం బంద్ పెట్టకండి.

రాత్రి పూట లెక్కలు పెట్టొద్దు. ఇది నేను గట్టిగ చెప్తున్న. రాత్రి 2 గంటలకు మెలకువొస్తే 50 వేల అప్పు కూడ కొండంత కనబడతది, ఆ టైంల తీసుకున్న ఏ నిర్ణయం మంచిగుండదు. అప్పుడు లేచి మంచినీళ్లు తాగి, మీకొచ్చిన నామమేదో మెల్లగ అనుకుంట, ఊపిరి పీల్చిన దానికంటె విడిచేది ఎక్కువసేపు విడువండి, గుండె దడ కొంచెం తగ్గుతది. లెక్క పొద్దున చాయ్ తాగినంక నోట్‌బుక్కుల రాయండి. ఎవరికి ఎంత, మిత్తి ఎంత. 2 రూపాయల మిత్తి అని తేలికగ అంటం గాని లక్షకు నెలకు 2000, ఏడాదికి 24 వేలు, రాస్తే గాని అది కండ్లవడదు. ఎక్కువ మిత్తి ఉన్నది ముందు తీర్చే దారి చూడాలె. పక్క పేజీల మన చేతుల లేనియి రాయండి, వాన, రేటు, పోయిన మనిషి. ఆ పేజీ రోజూ చదవకండి, దేవుని పటం ఎనక పెట్టండి, నేనైతే గట్లనే పెట్టిన.

ఇగ మనిషి. ఒక్కరికన్న ఉన్నది ఉన్నట్టు చెప్పాలె, సలహాలు ఇచ్చేటోళ్లకు కాదు, ఊకె పక్కన కూసునేటోళ్లకు. నాకు మా చిన్నమ్మ ఉండె, ఆమె ఒక్క మాట చెప్పేది కాదు, చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట ఇనేది. మన పాలమూరు నుంచి బొంబాయి, పూణె పనులకు పోయినోళ్లు రూముల ఒంటరిగ ఉంటరు, వాళ్లు ఇంటికి రోజూ ఒకే టైంకు ఫోన్ చేసే అలవాటు పెట్టుకోవాలె, పైసల ముచ్చటకే కాదు, ఇయ్యాల ఏం కూర అనే ముచ్చటకు కూడ.

భజన గురించి ఎక్కువ చెప్తా, ఎందుకంటే నన్ను నిలబెట్టింది అదే. మా ఊరి గుడిల సోమవారం రాత్రి భజన ఉంటది, తాళాలు, డోలక్, పది పదిహేను మంది. మొదటిసారి పోయిన్నాడు నోరు పెగల్లే, మూలకు కూసున్న. మూడో వారం ఎవరో తాళాలు చేతికిచ్చిండ్రు. తాళం తప్పకుండ కొట్టాలంటే మనసు అక్కడనే ఉండాలె, అప్పు యాదికొచ్చిన్నో తాళం తప్పుతది, పక్కామె మోచేతితోని పొడుస్తది, మళ్ల తాళంల పడతవు. గొంతెత్తి నలుగురితోని పాడితే ఊపిరి పొడుగ్గ బయటికి పోతది, ఇంటికొచ్చినంక నిద్ర పడతది. రాగం రాకున్నా పర్వాలేదు పోండి.

గుడికి పోవాలనిపిస్తే నడిచి పోయే గుడికి పోండి. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టుకు అమావాస్య రాత్రి ఎంతమంది వస్తరో చూసినోళ్లకు ఎరుకే, మెట్లెక్కి పోయి, జడల రామలింగేశ్వరున్ని మొక్కి, అక్కడనే నిద్ర చేస్తరు. ఆ రాత్రి పక్కన పండుకున్న ముసలవ్వ తన కష్టం చెప్తుంటే నా కష్టం ఒక్కదాన్నే మోస్తలేనని అర్థమైంది. జాన్‌పహాడ్ దర్గకు కూడ హిందువులు, ముస్లింలు అందరూ పోతరు. గని అప్పు చేసి మొక్కు తీర్చకండి. తాయత్తు కడతా, దోషం తీస్తా అని వేలకు వేలు అడిగేటోళ్ల దగ్గరికి అసలే పోకండి, మనం కూలిపోయి ఉన్నప్పుడే వాళ్లు దొరుకుతరు.

ఇవన్ని చేసినా సరిపోని రోజులుంటయి. రెండు వారాలు దాటినా తిండి సయించక, నిద్ర రాక, ఏ పని మీద పానం పోకుంటే అది భక్తి తక్కువై కాదు, జబ్బు, దానికి మందులున్నయి. సర్కారు పెద్ద దవాఖానకు పోయి మనసు డాక్టర్‌ను అడగండి. సచ్చిపోవాలె అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అన్ని రోజులు ఆగొద్దు, ఎంటనే ఇంట్లోళ్లకు చెప్పి 14416 కు ఫోన్ కొట్టండి, అది సర్కారు టెలీ మానస్ నంబర్, రాత్రి పగలు పనిచేస్తది, పైసలు పడవు, తెలుగుల మాట్లాడొచ్చు. ఇంట్ల ఎవరన్న గట్ల మాట్లాడుతుంటే పురుగుల మందు డబ్బలు ఇంట్లకెళ్లి తీసి వేరేటోళ్ల ఇంట్ల తాళమేసి పెట్టండి, ఆ మనిషిని ఒంటరిగ ఇడువకండి. సిగ్గుపడే టైం కాదు అది. కల్లు, సారా తాగి మర్చిపోదామనుకునేటోళ్లకు కూడ చెప్తున్న అన్నా, తెల్లారితే బాధ అట్లనే ఉంటది, పైంగ ఒళ్లు గుల్ల.

మంచి రోజులొచ్చినప్పుడు? ముందు మిత్తి తెంపుకోవాలె, మూడు నెలల తిండిగింజలు పక్కకు పెట్టుకోవాలె, చేతుల నాలుగు పైసలు ఆడుతున్నయని పొద్దుగాల దీపం మరవొద్దు. ఇంకోటి, అదే నోట్‌బుక్కుల చివరి పేజీల మన కష్టంల ఎవరెవరు వచ్చిండ్రో పేర్లు రాసిపెట్టుకోండి. నాది మా చిన్నమ్మ పేరుతోనే మొదలైతది. మొన్న దసరాకు ముందు వాళ్లింట్ల కష్టమొస్తే పిలువకముందే పోయిన, పొయ్యి ముట్టించి అన్నం, పచ్చిపులుసు చేసి పెట్టిన, ధైర్యం చెప్పుడు నాకు రాలే, చిక్కుడుకాయ ముందలేసుకొని ఆమె పక్కన కూసున్న.