చిన్న క్యాలిబర్ రైఫిల్‌తో జింక వేట – 4వ పాఠం: రాగి బుల్లెట్ ఎంత తేలిగ్గా ఉండాలి?

గత పాఠంలో రైఫిల్‌ని 100 గజాల దగ్గర జీరో చేసుకున్నాం, అంటే గురిపెట్టిన చోటే గుండు తగిలేలా సరిచేసుకున్నాం. ఈసారి బుల్లెట్ సంగతి చూద్దాం. టెక్సస్ హిల్ కంట్రీలో నవంబర్ వైట్‌టెయిల్ జింకల సీజన్‌కి సిద్ధమవుతున్న మనవాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి పాఠంలో చెప్పిందే మళ్లీ చెప్తున్నాను, విసుక్కోవద్దు. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది కానీ, లాయర్‌ని అడగకుండా ముందుకెళ్లొద్దు. ఇండియాలోనైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింక వేటే నేరం, కాబట్టి ఈ పాఠం అక్కడికి వర్తించదు.

మామూలు వేట బుల్లెట్‌లో లోపల సీసం, పైన పల్చటి రాగి తొడుగు ఉంటాయి. మోనోలిథిక్ బుల్లెట్‌లో తొడుగు, లోపలి ముద్ద అని రెండు భాగాలుండవు. మొత్తం ఒకే లోహం, రాగి గానీ రాగి కలిసిన మిశ్రమం గానీ. ముందు భాగంలో చిన్న గుంట ఉంటుంది. జింకని తాకగానే ఆ గుంట దగ్గర బుల్లెట్ రేకులుగా విచ్చుకుంటుంది, వెనక కాండం మాత్రం చెక్కుచెదరకుండా ముందుకెళ్తుంది. 1989లో బార్న్స్ కంపెనీ ఎక్స్ బుల్లెట్‌తో ఈ రకం వేటగాళ్లలోకి వచ్చింది. ఇప్పుడు బార్న్స్ టీటీఎస్ఎక్స్, హార్నడీ సీఎక్స్, నోస్లర్ ఈ-టిప్ బాగా దొరుకుతాయి.

నేను సీసం ఎందుకు వదిలేశానంటే, ఇంట్లో ఆ మాంసం పిల్లలు కూడా తింటారు. సీసం బుల్లెట్ తగిలినప్పుడు కంటికి కనిపించనంత చిన్న ముక్కలు గాయం చుట్టూ చాలా దూరం చెదిరిపోతాయి. 2008లో నార్త్ డకోటాలో దానంగా వచ్చిన జింక మాంసాన్ని ఎక్స్‌రే తీసి చూస్తే లోహపు ముక్కలు కనిపించాయి, దాంతో ఫుడ్ ప్యాంట్రీలని (పేదలకి ఉచితంగా ఆహారం పంచే చోట్లని) ఆ మాంసం పారేయమన్నారు. కాలిఫోర్నియాలోనైతే 2019 జూలై 1 నుంచి వేటకి సీసం తూటాలే వాడకూడదు. సీసం తిని చచ్చిపోతున్న కాండోర్ రాబందులని కాపాడే ప్రయత్నంలోనే అక్కడ ఈ నిషేధాలు మొదలయ్యాయి.

ఇక అసలు పాఠం. సీసం సాంద్రత 11.34, రాగిది 8.96. అంటే ఒకే బరువున్న రెండు బుల్లెట్లు తీసుకుంటే రాగిది పొడుగ్గా ఉంటుంది. దీని నుంచే మిగతా నియమాలన్నీ వస్తాయి. బుల్లెట్ పొడుగైన కొద్దీ గాల్లో నిలకడగా వెళ్లడానికి ఎక్కువ వేగంగా తిరగాలి. ఆ తిప్పే పని బ్యారెల్ (తుపాకీ గొట్టం) లోపలి గాడులది. గాడి ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతుందో దాన్ని ట్విస్ట్ అంటారు. అంకె చిన్నదైతే బుల్లెట్ అంత వేగంగా తిరుగుతుంది.

.243 విన్‌చెస్టర్ అనే తూటా రకం (బుల్లెట్ మందం 0.243 అంగుళం) 1955లో వచ్చింది. దానికి జింక బుల్లెట్ అంటే 100 గ్రెయిన్లు అని పాతకాలం నుంచీ అలవాటు. గ్రెయిన్ అంటే చాలా చిన్న కొలత, 80 గ్రెయిన్లు కలిపినా 5 గ్రాములు దాటి కొంచెమే. రాగికి మారినవాళ్లు అలవాటుకొద్దీ అదే 100 కోసం వెతుకుతారు. అక్కర్లేదు. సీసం బుల్లెట్ లోపలికెళ్లే దారిలో తన బరువులో మంచి భాగమే పోగొట్టుకుంటుంది. రాగిది దాదాపు మొత్తం నిలుపుకుంటుంది. అందుకే 80 గ్రెయిన్ల రాగి బుల్లెట్ జింకని ఆ పక్క నుంచి ఈ పక్కకి దాటిపోవడానికి చాలు. పైగా తేలికది కాబట్టి వేగం ఎక్కువ.

ఆ వేగమే రాగికి ప్రాణం. రాగి సీసం కంటే గట్టిది. తగిలేటప్పుడు సెకనుకి సుమారు 2,000 అడుగుల వేగమైనా లేకపోతే రేకులు సరిగా విచ్చుకోవు, చిన్న రంధ్రం చేసి వెళ్లిపోతుంది, గాయపడిన జింక పరుగెత్తి పొదల్లో ఎక్కడో చచ్చిపోతుంది. దాన్ని అలా బాధపెట్టే హక్కు మనకి లేదు. .243లో 80 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి 3,300 అడుగుల దరిదాపుల్లో బయల్దేరుతుంది, 300 గజాల దగ్గర కూడా ఆ హద్దుకి పైనే ఉంటుంది. ఇంకా సన్నటి .223 తూటాతో 55 లేదా 62 గ్రెయిన్లవి వాడొచ్చు గానీ అవి వేగాన్ని త్వరగా పోగొట్టుకుంటాయి. నేను .223తో 150 గజాలు దాటి జింకని కొట్టను. ఇంకో సంగతి, టెక్సస్‌లో సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో కొడితే పేలే తూటా) అయితే .223 చెల్లుతుంది, కొలరాడోలో .24 అంగుళం కంటే చిన్నది జింకకి చెల్లదు. వేటకెళ్లే రాష్ట్రం నిబంధనలు ప్రతి ఏడాదీ చదవండి.

నేను చేసిన తప్పు చెప్తాను. నా పాత .223 ట్విస్ట్ 12. కౌంటర్ దగ్గర ఒకాయన బరువైంది మంచిదన్నాడు, నేను 70 గ్రెయిన్ల రాగి బుల్లెట్ల పెట్టె కొన్నాను. రేంజ్‌లో 100 గజాల దగ్గర కాగితం తెచ్చి చూస్తే రంధ్రాలు గుండ్రంగా లేవు, తాళంచెవి దూరే సందులా ఉన్నాయి. బుల్లెట్లు పక్కకి తిరిగి వెళ్లి తగిలాయి! అంత పొడుగు బుల్లెట్‌కి 8 గానీ 7 గానీ ట్విస్ట్ కావాలని తర్వాత తెలిసింది. 55కి మారాక అదే రైఫిల్ మూడు గుళ్లూ ఒక అంగుళంన్నరలో వేసింది.

ట్విస్ట్ ఎంతో తెలియకపోతే ఇంట్లోనే కొలుచుకోవచ్చు. ముందు చాంబర్ (తూటా పేలే గది), మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) రెండూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, వేలు పెట్టి కూడా తడిమి చూడండి. పిడి దగ్గర తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా ఉండే గుడ్డముక్క తగిలించి బ్యారెల్‌లోకి కొంచెం తోయండి. రాడ్ పైవైపు మార్కర్‌తో గుర్తు పెట్టండి. బ్యారెల్ మొదట్లో రాడ్ ఎక్కడుందో అక్కడ టేపు చుట్టండి. గుర్తు సరిగ్గా ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేదాకా మెల్లగా తోసి, టేపు ఎన్ని అంగుళాలు జరిగిందో కొలవండి. మూడుసార్లు చేస్తే నమ్మకం కుదురుతుంది. నా .243లో 10 వచ్చింది, ఆ క్యాలిబర్‌లో చాలా రైఫిళ్లకి అంతే ఉంటుంది.

రాగికి మారేముందు బ్యారెల్‌లో పాత తూటాల మకిలి, రాగి పొరతో సహా, పూర్తిగా పోయేలా కడగండి. చాలామంది ఇది చెయ్యకుండానే కొత్త బుల్లెట్ బాలేదని తిడతారు. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లకి గట్టిగా చెప్తున్నాను, సీసం బుల్లెట్ మందుగుండు పొడి లెక్కని అదే బరువున్న రాగి బుల్లెట్‌కి వాడొద్దు. పొడుగు ఎక్కువ కాబట్టి అది తూటాలో చోటు ఆక్రమిస్తుంది, ఒత్తిడి ప్రమాదకరంగా పెరగొచ్చు. ఆ బుల్లెట్ తయారుచేసిన కంపెనీ ఇచ్చిన లెక్కే వాడాలి.

వచ్చే పాఠానికి ముందు మీ ట్విస్ట్ కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోండి. దానికి సరిపోయే తేలికపాటి రాగి తూటాలు రెండు రకాలు, ఒక్కో పెట్టె కొనండి. ఒక్కో రకంతో మూడేసి గుళ్ల గ్రూపులు రెండు, బ్యారెల్ చల్లారనిచ్చి కొట్టండి. కాగితాలు పారేయకండి. 5వ పాఠంలో వాటిని ముందు పెట్టుకునే జింక భుజం మీద గురి ఎక్కడ పెట్టాలో నేర్చుకుందాం.