పాత సైనిక పెట్టెల మరమ్మతు – 3వ పాఠం: బిగుసుకుపోయిన మూతను తెరవడం

గత పాఠంలో పెట్టెను తూచి, అటూ ఇటూ వంచి, లోపల ఏమీ కదలడం లేదని రూఢి చేసుకున్నాం. ఆ పని పూర్తి చేయనివారు ఈ పాఠంలోకి రావద్దని మనవి. మనం పట్టుకున్న నమూనా అమెరికా సైన్యం తూటాలు ఉంచేందుకు వాడే ఎం2ఏ1 రకం ఉక్కు పెట్టె. ఖాళీగా ఉంటే దాని బరువు సుమారు రెండున్నర కిలోలు. అంతకంటే స్పష్టంగా ఎక్కువ తూగినా, మూతే లేకుండా చుట్టూ అతికించి సీలు వేసిన రేకు డబ్బా అయినా, దాన్ని ఉన్నచోటనే వదిలి దూరంగా వెళ్లి 112కు ఫోన్ చేయాలి. లైసెన్సు లేకుండా తూటాలు దగ్గర ఉంచుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. ప్రాణాపాయం సంగతి చెప్పనక్కరలేదు.

ఇక మూత సంగతి. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ ప్రాంతాల బోరు మోటారు మెకానిక్‌లకు ఇలాంటి పెట్టె ఎంతో పనికొస్తుంది, ఎందుకంటే మూత లోపలి రబ్బరు పట్టీ అంచుకు సరిగా ఆనుకుంటే వానకు, దుమ్ముకు లోపలి సామాను చెడదు. అందుకే గడియ తీసినా మూత రాకపోతే ఉలి పెట్టి సుత్తెతో కొట్టవద్దు. ఒక్కచోట అంచు వంగితే ఆ పెట్టె మామూలు రేకు డబ్బాతో సమానమవుతుంది.

మూతను పట్టి ఉంచేవి మూడు: గాలి, రబ్బరు, తుప్పు. వీటిలో గాలిని ఎవరూ అనుమానించరు గనుక దాని గురించి కొంచెం విపులంగా చెబుతాను. మే నెలలో 45 డిగ్రీల ఎండలో మూసిన పెట్టెను డిసెంబరు ఉదయం 20 డిగ్రీల చలిలో తెరవబోతే, లోపలి గాలి పీడనం సుమారు 8 శాతం తగ్గి ఉంటుంది. మూత కొలత 28 సెంటీమీటర్ల పొడవు, 14 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే, దానిపై బయటి గాలి దాదాపు 30 కిలోల బరువుగా నొక్కుతుంది. లేహ్ వంటి 3,500 మీటర్ల ఎత్తున మూసిన పెట్టె సీలు చెదరకుండా మన ప్రాంతానికి దిగివస్తే, ఆ బరువు 130 కిలోల దాకా ఉంటుంది. కీలు ఒక పక్కను పట్టి ఉంచుతుంది కాబట్టి గడియ వైపు నుంచి ఎత్తే చేతికి అందులో సగమే తెలుస్తుంది, కానీ ఆ సగమే చాలామందిని గడ్డపార దాకా తీసుకెళ్తుంది.

మొదటి రకానికి మందు మన ఎండే. గడియ వదులు చేసి, పెట్టెను మధ్యాహ్నం రెండు గంటలు ఆరుబయట ఉంచితే లోపలి గాలి వేడెక్కి పీడనం సమమవుతుంది. పొయ్యి, గ్యాస్ కట్టర్, వెల్డింగ్ మంట మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. ఎండకు లొంగని పెట్టెకు, పెయింటర్లు పుట్టీ పట్టించే సన్నని రేకు కత్తిని గడియ వైపు మూలలో మూతకూ అంచుకూ మధ్య మెల్లగా దూర్చాలి. బుస్సుమని గాలి లోపలికి పోయిన శబ్దం వినబడితే పని దాదాపు అయినట్టే.

శబ్దం రాకపోతే రబ్బరు అంటుకుందని అర్థం. అదే కత్తికి సబ్బు నీళ్లు రాసి అంచు చుట్టూ వేలెడు వేలెడు చొప్పున జరుపుతూ రావాలి. ఇక్కడ కిరసనాయిలు పోయడం చాలా దుకాణాల్లో అలవాటు, కానీ అది రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది కనుక నేను దాన్ని ఒప్పుకోను. కీలు దగ్గర తుప్పు ఉంటే అక్కడ మాత్రం పల్చని నూనెను చుక్కలుగా వేసి, ఒక రాత్రి నాననిచ్చి, చెక్క సుత్తితో నెమ్మదిగా తట్టాలి. ఊడి రాలే పాత పెయింటులో సీసం ఉండే అవకాశం ఉన్నందున పొడిగా గీకకుండా తడిగుడ్డతో తుడవాలి, పిల్లలను దూరంగా ఉంచాలి.

మూత లేచాక దాన్ని నిలువుగా ఉంచి పక్కకు జరిపితే ఈ నమూనాలో కీలు నుంచి ఊడివస్తుంది. రబ్బరు పట్టీని గోటితో నొక్కి చూడండి. గుంట వెంటనే పూడితే పట్టీ బాగుంది, పగుళ్లు కనిపిస్తే మార్చాలి. వచ్చే పాఠానికి పట్టీ మందాన్ని, గాడి వెడల్పును మిల్లీమీటర్లలో కొలిచి రాసి ఉంచుకోండి.